పంటి పట్టు తగ్గితే తగ్గేది నమలడమేనా?

వయసు మళ్లినవారి ఒంట్లో సత్తువ ఎంత మిగిలిందో చూడటానికి వైద్యులు తరచు చేసే పరీక్ష పిడికిలి పట్టు. చేతికి డైనమోమీటర్ ఇచ్చి బలంకొద్దీ నొక్కమంటారు. ఆసియా నిపుణుల బృందం 2019లో సవరించిన హద్దుల ప్రకారం స్త్రీలలో అది 18 కిలోలకు తక్కువైతే కండ క్షీణిస్తోందేమోనని అనుమానించాలి. ఇప్పుడు అదే ప్రశ్న నోటికీ వేస్తున్నారు. పళ్లు బిగించి ఎంత గట్టిగా కొరకగలరన్న దాన్నిబట్టి ఆ మనిషి నడక, తిండి, మనసు ఎలా ఉన్నాయో చెప్పవచ్చా? పెద్దవయసు స్త్రీలలో వీటి మధ్య సంబంధం కనబడుతున్న మాట నిజమే. దాన్ని పట్టుకుని ‘గట్టిగా నమిలితే మతిమరుపు రాదు, దిగులు పోతుంది’ అని తేల్చేయడం మాత్రం తొందరపాటు. పళ్లు, చిగుళ్లు, కండరాలు, కీలు, నరాలు, చివరికి కొరకాలన్న ధైర్యం, ఇవన్నీ కలిస్తే వచ్చే అంకె పంటి పట్టు. అంకె తగ్గినప్పుడు ఏ లంకె తెగిందో వెతకాలి.

అంకె ఎక్కడినుంచి వస్తుంది

చెంప మీద వేళ్లు ఆనించి పళ్లు బిగిస్తే గట్టిపడి ఉబికేది మాసేటర్ కండరం. కణతల దగ్గర కదిలేది టెంపొరాలిస్. దవడ లోపలి వైపు మీడియల్ టెరిగాయిడ్ అని మూడోది ఉంది, అది పైనుంచి చేతికి అందదు. దవడను మూసేది ప్రధానంగా ఈ మూడు జతలే. చెవి ముందు ఉన్న కీలు ఇరుసులా పనిచేస్తుంది కాబట్టి దానికి దగ్గరగా ఉండే దవడ పళ్ల మీద బలం ఎక్కువ పడుతుంది, ముందు పళ్ల దగ్గర అందులో దాదాపు మూడో వంతే. అందుకే వెనక పళ్లు పోయి ముందు పళ్లు మాత్రం మిగిలినవారికి నవ్వు బాగానే ఉంటుంది కానీ నమలడం కుదరదు.

ఆరోగ్యమైన పళ్లున్నవారిలో దవడ పళ్ల దగ్గర ఒక పక్క కొలిస్తే సుమారు 300 నుంచి 700 న్యూటన్ల వరకు వస్తుంది. ఒక కిలో బరువు వేసే బలం 9.8 న్యూటన్లు. అంటే 30 నుంచి 70 కిలోల బరువు మోపినంత. రోజూ తినే తిండి నమలడానికి ఇంత అక్కర్లేదు, చాలావాటికి 70 నుంచి 150 న్యూటన్లు సరిపోతాయి. మరి మిగతాదంతా ఎందుకు? అది నిల్వ. 500 న్యూటన్లు ఉన్న స్త్రీ ఒక్కో నములుకు తన శక్తిలో నాలుగో వంతు ఖర్చు పెడుతుంది. పైనా కిందా పూర్తి కట్టుడు పళ్లు పెట్టుకున్నవారి పట్టు సొంత పళ్లున్నవారిలో నాలుగో వంతో, అయిదో వంతో ఉంటుంది. కాబట్టి అలాంటి సెట్టు పెట్టుకున్న స్త్రీ ప్రతి నములుకూ ఉన్నదంతా ఊడ్చి పెట్టాల్సి వస్తుంది. భోజనం సగంలోనే దవడలు అలసిపోవడం, ‘ఆకలి లేదు’ అని లేచిపోవడం వెనక చాలాసార్లు ఈ లెక్కే ఉంటుంది.

పన్నుకూ ఎముకకూ మధ్య ఉండే సన్నటి పొరలో ఒత్తిడిని పసిగట్టే నాడీ కొనలు ఉంటాయి. అన్నంలో రాయి తగలగానే దవడ ఠక్కున ఆగేది వాటివల్లే. పన్ను తీసేస్తే ఆ కబురు కూడా పోతుంది. కట్టుడు పళ్లలో ఆ పని చిగురు తోలు మీద పడుతుంది, అది మొరటుగా చెబుతుంది, త్వరగా నొప్పెడుతుంది. మెదడు జాగ్రత్తపడి బలాన్ని ముందే తగ్గించేస్తుంది. కండరం బాగానే ఉన్నా పట్టు తక్కువగా కనబడటానికి ఇదో కారణం.

కొలతలో ఉన్న మెలిక

రెండు రకాలుగా కొలుస్తారు. మొదటిది దవడ పళ్ల మధ్య పెట్టి కొరికించే చిన్న పరికరం. ఒక పక్క, ఒకటి రెండు పళ్ల బలం చూపిస్తుంది. దాని మందం వల్ల నోరు కొంచెం తెరుచుకుని ఉండటంతో ఆ అంకె కూడా మారుతుంది. రెండోది పళ్ల వరుస మొత్తం కింద పెట్టే పలుచటి ఒత్తిడి ఫిల్మ్. అన్ని పళ్ల బలాన్నీ కలిపి ఇస్తుంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒక్క ఫిల్ములోనే ఎంత తేడా వస్తుందో చూడండి. జపాన్ వృద్ధ దంతవైద్యుల సంఘం నోటి పనితీరు మందగించడాన్ని గుర్తించడానికి మొదట 200 న్యూటన్ల లోపు అని హద్దు పెట్టింది. కొత్త తరం ఫిల్మ్ వచ్చాక ఆ హద్దు 500 న్యూటన్లకు మారింది. మనుషులు బలపడలేదు, ఫిల్మ్ మారిందంతే. కాబట్టి ‘నా పట్టు 300 వచ్చింది’ అని ఎవరైనా అంటే ఏ పరికరంతో అని అడగాల్సిందే.

ఇంకో మెలిక దీనికంటే ముఖ్యం. ఈ పరీక్షలో కొలిచేది మీరు పెట్టిన బలాన్ని, పెట్టగలిగే బలాన్ని కాదు. పన్ను విరుగుతుందన్న భయం, కీలు నొప్పి, కట్టుడు పళ్లు జారతాయన్న సిగ్గు, ఏ పని మీదా మనసు లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా అంకె పడిపోతుంది. కుంగుబాటు ఉన్న మనిషి పిడికిలి పరీక్షలోనూ ఇలాగే తక్కువ చూపిస్తుంది. అంటే మానసిక ఆరోగ్యంతో సంబంధంలో కొంత భాగం పరీక్ష స్వభావంలోనే ఇమిడి ఉంది. ఈ విషయం ప్రస్తావించకుండా ‘పంటి పట్టు తక్కువైతే దిగులు ఎక్కువ’ అని రాసే వార్తల్ని కొంచెం అనుమానంగానే చదవాలి.

స్త్రీల సంగతి వేరుగా ఎందుకు

సగటున స్త్రీల మాసేటర్ చిన్నది, పట్టు పురుషులకంటే తక్కువ. అంటే వయసుతో తరుగుదల మొదలయ్యేసరికే నిల్వ తక్కువగా ఉంటుంది. బహిష్టులు ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి ఎముక పలచబడుతుంది. పళ్లు పోయాక చిగురు కింది ఎముక గట్టు అరిగిపోవడం అందరిలోనూ ఉన్నదే, కింది దవడలో ఆ అరుగుదల పై దవడకంటే సుమారు నాలుగు రెట్లు. గట్టు చదునైపోయిన కింది దవడ మీద కట్టుడు పళ్లు నిలవవు. దీనికి తోడు దవడ కీలు నొప్పులు స్త్రీలలో దాదాపు రెండింతలు. లాలాజల గ్రంథుల్ని ఎండగట్టే షోగ్రెన్స్ జబ్బు వచ్చినవారిలో పది మందిలో తొమ్మిదిమంది స్త్రీలే. నోరు మండే జబ్బు కూడా బహిష్టులు ఆగిన స్త్రీలలోనే ఎక్కువ.

లాలాజలానికీ కొరికే బలానికీ ఏం సంబంధం అనిపించవచ్చు. పై వరుస కట్టుడు పళ్లు అంగిలికి అంటుకుని ఉండేది పలుచటి లాలాజలపు పొర వల్లే. నోరు ఎండితే అవి జారతాయి, తోలు ఒరుసుకుని పుండు పడుతుంది, కొరకడానికి భయం వేస్తుంది. ఎలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే మందులు, అమిట్రిప్టిలిన్ లాంటి పాత తరం కుంగుబాటు మందులు నోటిని బాగా ఎండగడతాయి. మనసు జబ్బుకు వాడే మందే పంటి పట్టును తగ్గిస్తే, లెక్కల్లో అది ‘పట్టు తక్కువ, కుంగుబాటు ఎక్కువ’ అని ఒకే వరుసలో కనబడుతుంది!

ఒంటితో లంకె

తిండి దారి అందరికీ తెలిసిందే. నమలలేనివారు ముందు వదిలేసేవి మాంసం, పచ్చి కూరగాయలు, గట్టి పండ్లు, గింజలు. మిగిలేది మెత్తటి పిండి పదార్థం. ప్రొటీన్, పీచు తగ్గుతాయి, కండ కరుగుతుంది. కండ కరిగితే దవడ కండరం కూడా అందులో భాగమే కాబట్టి నమలడం ఇంకా కష్టమవుతుంది. ఈ చక్రం తిరగడం మొదలయ్యాక మొదలు ఎక్కడో కనిపెట్టడం కష్టం.

రెండో దారి ఒంట్లో కండరాలన్నీ కలిసి వయసు మీరడం. పిడికిలి పట్టుకూ పంటి పట్టుకూ ఉన్న సంబంధాన్ని చాలామంది ఇలాగే వివరిస్తారు. ఇది సగమే సరైంది. మాసేటర్ చేతి కండరం లాంటిది కాదు. వయసుతో చేతి కండరంలో వేగంగా పనిచేసే పోగులు తగ్గుతాయి, మాసేటర్‌లో నెమ్మదిగా పనిచేసే పోగులు తగ్గి వేగమైనవి పెరుగుతాయి. రోజుకు మూడు పూటలా పని చేసే కండరం కాబట్టి, మంచం పట్టిన మనిషిలో కూడా కాళ్లంత త్వరగా క్షీణించదు. అందుకే పిడికిలికీ పంటికీ సంబంధం ఉన్నా అది గట్టి సంబంధం కాదు. రెండు కొలతలు ఎంతగా కలిసి మారుతున్నాయో చెప్పే అంకె సహసంబంధం, పూర్తిగా కలిసి మారితే అది 1. అధ్యయనాల్లో ‘సహసంబంధం 0.3’ అని కనబడితే దాన్ని వర్గం చేయండి, 0.09 వస్తుంది. మనుషుల మధ్య ఉన్న తేడాలో 9 శాతాన్నే ఆ రెండో కొలత వివరిస్తోందని అర్థం. మిగతా 91 శాతం పళ్ల సంఖ్య, కట్టుడు పళ్ల అమరిక, నొప్పి, వయసు లాంటివాటిది.

జపాన్‌లోని కషివా నగరంలో 65 ఏళ్లు దాటిన సుమారు 2,000 మందిని కొన్నేళ్లు గమనించిన అధ్యయనం 2018లో వెలువడింది. నోటి పనితీరుకు సంబంధించిన ఆరు కొలతల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువ దెబ్బతిన్నవారిలో ఒళ్లు బలహీనపడటం, కండ క్షీణించడం, ఇతరుల మీద ఆధారపడాల్సి రావడం, చనిపోవడం, అన్నీ దాదాపు రెండింతలు కనిపించాయి. ఆ ఆరింటిలో మిగిలిన పళ్లు, నమిలే సామర్థ్యం, నాలుక ఒత్తిడి, మింగడంలో ఇబ్బంది లాంటివి ఉన్నాయి. నోటి బలాన్ని ఒకే అంకెతో తూచలేమని ఆ పరిశోధకులు ముందే ఒప్పుకున్నారన్నమాట. ఒక్కొక్కటి కొంచెం తగ్గడం కంటే కొన్ని కలిసి తగ్గడం ప్రమాద సూచన.

పళ్లు బిగిస్తే ఒంటి నిలకడ పెరుగుతుందనీ, పళ్లు లేకపోతే పడిపోతారనీ కూడా చెబుతుంటారు. బిగించినప్పుడు కాళ్లలో రిఫ్లెక్స్‌లు చురుకవడం ప్రయోగశాలలో చూపించగలిగినదే. దాన్నిబట్టి పళ్లు కట్టించుకుంటే పడిపోకుండా ఉంటారని హామీ ఇవ్వడం పెద్ద గెంతు. పడిపోకుండా ఉండటానికి కాళ్లకు వ్యాయామం, చూపు, చెప్పులు, మందుల పరిశీలన ముందు చూసుకోవాలి.

మనసుతో లంకె

నలుగురితో కూర్చుని తినలేకపోవడం చిన్న బాధ కాదు. అందరూ లేచినా తన పళ్లెంలో సగం మిగిలి ఉండటం, మాట్లాడుతుంటే కట్టుడు పళ్లు టక్కుమనడం, నవ్వితే జారతాయేమోనని పెదవులు బిగించడం, ఇవి మనిషిని మెల్లగా ఒంటరిని చేస్తాయి. ఒంటరితనం దిగులుకు దారి. అటునుంచి చూస్తే, కుంగుబాటు ఉన్న మనిషి పళ్లు తోముకోవడం, వైద్యుడి దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తుంది, ఆకలి చచ్చిపోతుంది, మందులతో నోరు ఎండుతుంది. ఒకే రోజు అందరి పట్టూ కొలిచి, ప్రశ్నావళి నింపించిన అధ్యయనం ఈ రెండు దారుల్లో ఏది ముందో చెప్పజాలదు.

ఇంకోటి. ఎక్కువ పట్టు ఎప్పుడూ మంచి గుర్తు కాదు. ఆందోళనతో పగలంతా పళ్లు బిగబట్టేవారు, నిద్రలో పళ్లు కొరికేవారు బలమైన మాసేటర్లతో, చీలిన పళ్లతో, పొద్దున్నే కణతల నొప్పితో వస్తారు. వాళ్లకు పంటి వ్యాయామం చెప్పడం పుండు మీద కారం చల్లడమే. పరీక్షలో ఒక్కసారి పెట్టిన అత్యధిక బలం వేరు, రోజంతా తెలియకుండా పెట్టే బలం వేరు.

మతిమరుపు విషయం మరింత జాగ్రత్తగా చెప్పాలి. నమిలేటప్పుడు మెదడులో రక్తప్రసారం పెరగడం స్కాన్లలో కనబడుతుంది. దవడ పళ్లు తీసేసిన ఎలుకల్లో, మెత్తటి తిండి మాత్రమే పెట్టిన ఎలుకల్లో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ దెబ్బతినడం చూశారు. మనుషుల్లోనూ పళ్లు తక్కువ ఉన్నవారిలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఎక్కువగా కనిపిస్తోంది. అయితే చదువు, ఆదాయం, పొగతాగడం, మధుమేహం పళ్లనూ మెదడునూ రెంటినీ తాకుతాయి. డిమెన్షియా రావడానికి ముందు చాలా ఏళ్లు శుభ్రత తగ్గి పళ్లు పాడవడం కూడా మామూలే. ప్రఖ్యాత వైద్య పత్రిక లాన్సెట్ డిమెన్షియా మీద వేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన 14 నివారించదగ్గ కారణాల జాబితాలో వినికిడి లోపం, చూపు లోపం, కుంగుబాటు, ఒంటరితనం ఉన్నాయి. పళ్లు పోవడం లేదు.

ముందుగా ఏం చూడాలి

ఇంట్లో గమనించదగినవి కొన్ని ఉన్నాయి. ఆర్నెల్ల క్రితం తిన్న గట్టి పదార్థాల్లో ఇప్పుడు మానేసినవి ఏవి? భోజనానికి పట్టే సమయం పెరిగిందా? నీళ్లు తాగి ముద్దను దింపుకోవాల్సి వస్తోందా, తరచు పొలమారుతోందా? రెండు చెంపల మీద వేళ్లు పెట్టి బిగిస్తే ఒక పక్కే గట్టిపడుతోందా? ‘ప ప ప’, ‘త త త’, ‘క క క’ ఒక్కోటి 5 సెకన్లపాటు గబగబా అని లెక్కపెట్టండి. సెకనుకు 6 కంటే తక్కువైతే పెదవుల, నాలుక చురుకుదనం తగ్గినట్టే.

కొన్ని లక్షణాలు దంతవైద్యం దాకా ఆగకూడనివి. 50 దాటిన స్త్రీకి కొత్తగా కణతల్లో నొప్పి, తల దువ్వుకుంటే మాడు నొప్పి, నాలుగు ముద్దలు నమలగానే దవడ పట్టేసి ఆపితే తగ్గడం కనబడితే జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ అనే రక్తనాళాల వాపు కావచ్చు. ఇది స్త్రీలలోనే ఎక్కువ, చూపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది, అదే రోజు వైద్యుణ్ని కలవాలి. నమిలేకొద్దీ దవడ బలహీనపడి, సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతుంటే మయస్తీనియా గ్రావిస్ అనుమానించాలి. రెంటినీ ‘వయసు వల్లే’ అని కొట్టిపారేయడం మామూలుగా జరిగే పొరపాటు.

దంతవైద్యుడి దగ్గర క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. ముందు నొప్పి, పిప్పి పళ్లు, చిగుళ్ల వాపు. తరువాత పైనా కిందా ఎదురెదురుగా తాకే దవడ పళ్ల జతలు ఎన్ని ఉన్నాయో లెక్క. మొత్తం పళ్లు 20 ఉంటే చాలావరకు నమలగలరన్నది పాత ప్రమాణం, జపాన్‌లో 1989లో మొదలైన ‘80 ఏళ్లకు 20 పళ్లు’ ప్రచారం దీనిమీదే నిలబడింది. కానీ 20 పళ్లు ఉండి ఒక్క జత కూడా కలవనివారు ఉంటారు, అందుకే జతల లెక్క. ఆపైన కట్టుడు పళ్లు. కింది వరుస నాలుకతో తోస్తే లేస్తోందంటే గట్టు అరిగి ఖాళీ ఏర్పడింది, లోపలి పక్క కొత్త పొర వేయించాలి. పెదవుల మూలలు పగిలి, గడ్డం ముక్కుకు దగ్గరగా వచ్చినట్టు కనబడితే కట్టుడు పళ్లు అరిగి ఎత్తు తగ్గిందని అర్థం. అప్పుడు కండరాలు కుంచించుకున్న స్థితిలో పనిచేస్తాయి, బలం రాదు. ఇక్కడ కొత్త సెట్టు తప్ప వేరే దారి లేదు. కింది దవడలో ఒక్క పన్నూ లేనివారికి రెండు ఇంప్లాంట్ల (ఎముకలో బిగించే లోహపు మరల) మీద తగిలించే కట్టుడు పళ్లే మొదటి ఎంపిక కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటన చెప్పింది. ఎముక, ఆరోగ్యం, ఖర్చు అనుకూలిస్తే ఆ మాట ఇప్పటికీ విలువైనదే.

పన్ను పీకించుకునే ముందు ఎముకల మందుల సంగతి దంతవైద్యుడికి చెప్పాలి. బిస్ఫాస్ఫోనేట్లు, డెనోసుమాబ్ వాడేవారిలో అరుదుగా దవడ ఎముక మానకుండా చచ్చిపోతుంది. ఈ భయంతో మందు సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం, డెనోసుమాబ్ హఠాత్తుగా ఆపితే వెన్నుపూసలు విరగవచ్చు. ఆ మందులు మొదలుపెట్టకముందే నోరు బాగుచేయించుకోవడం ఉత్తమం.

వ్యాయామం వీటన్నిటి తరువాత. నొప్పి లేనివారు చక్కెర లేని చూయింగ్ గమ్‌ను రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున రెండు పక్కలా మార్చి నమలవచ్చు. నాలుగు వారాల్లోనే పట్టు పెరిగినట్టు చిన్న ప్రయోగాల్లో చూశారు. మింగడం తేలికపడటానికి మరొకటి ఉంది. నోరు వీలైనంత పెద్దగా తెరిచి 10 సెకన్లు ఉంచి, 10 సెకన్లు విరామం ఇవ్వాలి. ఇలా 5 సార్లు, రోజుకు రెండు విడతలు. దవడ కీలు జారే అలవాటున్నవారు, కీలు నొప్పి ఉన్నవారు, పళ్లు కొరికేవారు ఈ రెండూ చేయకూడదు. వదులు కట్టుడు పళ్లతో గమ్ నమిలితే చిగుళ్లు పుండవుతాయి తప్ప బలం రాదు.

చాలామంది విఫలమయ్యేది తిండి దగ్గర. కొత్త పళ్లు వచ్చినా ఏళ్లతరబడి అలవాటైన మెత్తటి తిండే కొనసాగుతుంది. పళ్లు మాత్రమే ఇచ్చినప్పుడు పోషణలో పెద్దగా మార్పు కనబడకపోవడం, పళ్లతోపాటు ఆహార సలహా కూడా ఇచ్చినప్పుడు కనబడటం పరిశోధనల్లో తేలిన విషయం. పెద్దవయసువారికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల స్త్రీకి 50 నుంచి 60 గ్రాములు, ఒకే పూట కాకుండా మూడు పూటలా సుమారు 20 గ్రాముల చొప్పున. మూత్రపిండాల జబ్బు ఉంటే ఈ మోతాదు వైద్యుడు నిర్ణయించాలి. నమలడం కుదిరేలోగా గుడ్లు, చేపలు, పెరుగు, మెత్తగా ఉడికిన పప్పుధాన్యాలు, ఖీమాగా కొట్టిన మాంసం పనికొస్తాయి. గట్టి పదార్థాలను సన్నటి ముక్కలతో మొదలుపెట్టి వారానికి కొంచెం మందం పెంచుకుంటూ పోవాలి. కొత్త కట్టుడు పళ్లకు నోరు అలవాటుపడటానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది, మొదటి వారమే ఆపిల్ కొరికి ‘ఇవి పనికిరావు’ అని డబ్బాలో పెట్టేసినవారు తరువాత వాటి జోలికి పోరు.

దిగులు సంగతి విడిగా అడగాలి, పళ్లు బాగుపడితే అదే పోతుందని వదిలేయకూడదు. 15 ప్రశ్నల వృద్ధుల కుంగుబాటు ప్రశ్నావళిలో 5 లేదా ఆపైన వస్తే మానసిక వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి. మందు రాసేటప్పుడు నోరు ఎండుతోందన్న మాట ఆయనకు చెబితే తక్కువ ఎండగట్టేది ఎంచుకునే వీలుంటుంది.

మళ్లీ కొలిపించుకునేటప్పుడు అదే పరికరం, అదే భంగిమ, కట్టుడు పళ్లు ఉంటే పెట్టుకునే కొలవాలి. రెండు మూడుసార్లు కొరికించి, మధ్యలో విరామం ఇవ్వాలి. కొత్త కట్టుడు పళ్లకు సర్దుకునే 6 నుంచి 8 వారాలు గడవకముందు తీసిన అంకె పాతదానికంటే తక్కువ రావడం మామూలే, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.